స్పానిష్ భాషలో గుర్తింపు పత్రాల పదజాలం

స్పానిష్ భాషలో గుర్తింపు పత్రాల పదజాలం అనగా వ్యక్తి పేరు, పుట్టుక, నివాసం, జాతీయత మొదలైనవాటిని ధ్రువీకరించే పత్రాలకు, వాటి కొరకు పెట్టుకొనే దరఖాస్తులకు, ఆ పని జరిగే కార్యాలయాలకు సంబంధించి స్పానిష్ మాట్లాడే దేశాలలో వాడుకలో ఉన్న పదాల సముదాయం. స్పానిష్ 20 దేశాలలో అధికార భాష. భాష ఒక్కటే అయినా గుర్తింపు కార్డుకు ఒక్కొక్క దేశంలో ఒక్కొక్క పేరు ఉంది. ఒకే అక్షరం ఒక పత్రంలో పురుషుని, మరొక పత్రంలో స్త్రీని సూచించే సందర్భాలు కూడా ఉన్నాయి. అందువలన సాహిత్యం కొరకు స్పానిష్ చదివినవారు కూడా ఈ మాటలను విడిగా నేర్చుకోవలసి వస్తుంది.

ఉచ్చారణ

ఈ వ్యాసంలో స్పానిష్ పదాలను లాటిన్ అమెరికా ఉచ్చారణకు దగ్గరగా తెలుగు లిపిలో ఇవ్వడం జరిగింది. స్పానిష్‌లోని త, ద ధ్వనులు తెలుగులో వలెనే దంత్యాలు కనుక తెలుగువారికి ఇవి ఇంగ్లీషు కంటే సులభం. తెలుగు వర్ణమాలలో ఉన్నదే గాని పదాలలో విడిగా దాదాపు కనిపించని "ఞ" స్పానిష్‌లో నిత్యం వినిపిస్తుంది. దేశం పేరే ఎస్పాఞ. ఇంగ్లీషు "వి" అక్షరాన్ని స్పానిష్‌లో "బ"గానూ, "జె" అక్షరాన్ని "హ"గానూ పలుకుతారు. "హెచ్"కు ధ్వని లేదు. కావున కాగితం మీద చూసిన మాటను అధికారి నోట విన్నప్పుడు గుర్తుపట్టడానికి మొదట్లో కొంత అభ్యాసం కావాలి.

"ఞ" ధ్వనికి స్పానిష్‌లో వాడే అక్షరం "ఎన్" మీద చిన్న అల గీత ఉన్నది. పాస్‌పోర్టు అడుగున యంత్రాలు చదివే వరుసలో ఈ గీతకు చోటు లేదు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల ప్రకారం అక్కడ దానిని "ఎన్" అనిగాని, "ఎన్" పక్కన రెండు "ఎక్స్"లు చేర్చిగాని ముద్రిస్తారు. మెక్సికో వారి కుర్ప్ సంఖ్యలో మాత్రం ఆ స్థానంలో ఒక్క "ఎక్స్" వస్తుంది. ఒకే మనిషి పేరు రెండు పత్రాలలో రెండు విధాలుగా కనబడటానికి ఇది ఒక కారణం. గీత మరచిపోతే అర్థం కూడా మారవచ్చు. "అఞో" అంటే సంవత్సరం. గీత లేకుండా రాసిన అదే మాట వయస్సు చెప్పే వాక్యంలో వస్తే చదివేవారు నవ్వు ఆపుకోలేరు.

కార్డు పేర్లు

స్పెయిన్, అర్జెంటీనా, పెరూ దేశాలలో పౌరుల గుర్తింపు కార్డును దొకుమెంతో నసియొనాల్ దె ఇదెంతిదాద్ అంటారు. అర్థం జాతీయ గుర్తింపు పత్రం. పొడి అక్షరాలతో "దె-ఎనె-ఇ" అని పలకడం వాడుక. కొలంబియా, వెనెజువేలా, ఈక్వడార్, చిలీ, ఉరుగ్వే, డొమినికన్ రిపబ్లిక్ మొదలైన దేశాలలో ఇదే కార్డు పేరు సెదుల. కొలంబియాలో 18 ఏళ్ళు నిండిన పౌరునిది సెదుల దె సియుదదనీయ (పౌరసత్వ సెదుల), విదేశీయునిది సెదుల దె ఎస్త్రంహెరీయ. అక్కడ 18 ఏళ్ళలోపు పిల్లలకు ఇచ్చే కార్డు పేరు తర్హేత దె ఇదెంతిదాద్. తర్హేత అంటే కార్డు.

సెదుల అనేది చిన్న కాగితపు ముక్క అని అర్థమిచ్చే లాటిన్ పదం నుండి వచ్చింది. ఒకప్పుడు స్పెయిన్ రాజుల ఉత్తర్వును "రాజ సెదుల" అనేవారు. 19వ శతాబ్దంలో ఇది పన్ను చెల్లించినట్లు చూపే వ్యక్తిగత పత్రానికి పేరయింది. స్పెయిన్ పాలనలోని ఫిలిప్పీన్స్‌లో ప్రజలు ఈ సెదులను దగ్గర ఉంచుకోవలసి వచ్చేది. 1896 ఆగస్టులో ఆండ్రెస్ బొనిఫాసియో నాయకత్వంలోని కతిపునాన్ విప్లవకారులు తమ సెదులలను చింపివేసి తిరుగుబాటు ప్రకటించారు. ఫిలిప్పీన్స్‌లో స్థానిక సంస్థకు చెల్లించే పన్ను రసీదును నేటికీ సెదుల అనే అంటారు.

మెక్సికోలో చాలాకాలంగా గుర్తింపుగా చలామణి అవుతున్నది ఓటరు కార్డు. దానిని ఇచ్చే జాతీయ ఎన్నికల సంస్థ పొడి పేరు "ఇనె" కనుక కార్డునే జనం "ఇనె" అంటారు. ఆ సంస్థ 2014లో ఏర్పడింది. అంతకు ముందున్న సంస్థ పేరు "ఇఫె". ఫోటో, వేలిముద్రలతో కూడిన కుర్ప్‌ను జాతీయ గుర్తింపు పత్రంగా చేస్తూ 2025లో మెక్సికో చట్టాన్ని సవరించారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మెక్సికన్లకు వారి కాన్సులేట్లు ఇచ్చే కార్డు మత్రీకుల కొన్సులార్. మత్రీకుల అంటే నమోదు. కళాశాలలో చేరడాన్నీ, వాహనం నంబరు పలకనూ కూడా ఈ మాటతోనే చెబుతారు. మన పెద్దలు ప్యాసైన "మెట్రిక్యులేషన్" ఈ మాటకు దగ్గరి చుట్టమే.

డ్రైవింగ్ లైసెన్సు పేరు కూడా దేశాన్ని బట్టి మారుతుంది. స్పెయిన్‌లో కార్నే దె కొందుసీర్, లాటిన్ అమెరికాలో ఎక్కువగా లిసెన్సియ, పెరూలో బ్రెబేతె. పాస్‌పోర్టు మాత్రం అన్నిచోట్లా పసపోర్తె.

కార్డు మీది మాటలు

కార్డు మీద మొదట కనిపించే అపెయీదో అంటే ఇంటిపేరు, నోంబ్రె అంటే పేరు. నోంబ్రెను "నంబరు" అనుకొని ఆ గడిలో పాస్‌పోర్టు సంఖ్య రాయడం కొత్తవారు తరచుగా చేసే పొరపాటు. సంఖ్యకు స్పానిష్ మాట నూమెరో. ఫేచ దె నసిమియెంతో పుట్టిన తేదీ, లుగార్ దె నసిమియెంతో పుట్టిన స్థలం. తేదీని మన దేశంలో వలెనే రోజు, నెల, సంవత్సరం క్రమంలో రాస్తారు. దొమిసీలియో చిరునామా, ఫిర్మ సంతకం, వేయ దక్తిలార్ వేలిముద్ర. ఫిర్మ అంటే వ్యాపార సంస్థ అని ఇంగ్లీషు అలవాటు కొద్దీ అనుకోరాదు. అర్జెంటీనా పత్రాలలో సంతకం కింద "అక్లరసియోన్" అని మరొక గీత ఉంటుంది. అక్కడ సంతకం చేసినవారి పేరు విడివిడి అక్షరాలతో రాయాలి.

స్పెయిన్ కార్డు వెనుక "ఇహో దె" (ఫలానావారి బిడ్డ) అని తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉంటాయి. ఎస్తాదో సిబీల్ అనే గడి వైవాహిక స్థితిని అడుగుతుంది. పెళ్ళి కానివారు సొల్తేరో, అయినవారు కసాదో, భర్తనో భార్యనో కోల్పోయినవారు బియూదో, విడాకులు పొందినవారు దిబోర్సియాదో. స్త్రీల విషయంలో చివరి "ఓ" కారం "అ" అవుతుంది.

గడువు విషయంలో రెండు మాటలు తెలియాలి. స్పెయిన్‌లో గడువు తేదీని కదుసిదాద్ అనీ, గడువు తీరిన పత్రాన్ని కదుకాదో అనీ అంటారు. లాటిన్ అమెరికాలో ఎక్కువ చోట్ల అవే బెన్సిమియెంతో, బెన్సీదో. పత్రం ఇచ్చిన తేదీ ఎక్స్‌పెదిసియోన్ లేదా ఎమిసియోన్. ఈ రెండు తేదీలను తారుమారు చేసి రాసిన దరఖాస్తు తిరిగి వస్తుంది. స్పెయిన్‌లో 70 ఏళ్ళు నిండినవారి కార్డుకు గడువు లేదు. అయితే గడిని ఖాళీగా వదలలేరు కనుక 9999 జనవరి 1 అని ముద్రిస్తారు.

"ఎం" అక్షరం చిక్కు

సెక్సో అనే గడి వద్ద ప్రత్యేక జాగ్రత్త అవసరం. పాస్‌పోర్టులలో అంతర్జాతీయ పద్ధతి ప్రకారం "ఎం" పురుషుడు, "ఎఫ్" స్త్రీ. స్పెయిన్ గుర్తింపు కార్డులోనూ అంతే. అక్కడ "ఎం" మస్కులీనోకు, "ఎఫ్" ఫెమెనీనోకు గుర్తు. కానీ అదే స్పెయిన్‌లో విదేశీయులు నింపే దరఖాస్తులలో "హెచ్" అంటే ఓంబ్రె (పురుషుడు), "ఎం" అంటే ముహేర్ (స్త్రీ). మెక్సికో కుర్ప్‌లో కూడా ఇదే పద్ధతి. కొన్ని దేశాల పత్రాలలో పురుషునికి బరోన్ అనే మాట ఉండి, దాని మొదటి అక్షరం "వి" కనిపిస్తుంది. వైవాహిక స్థితి గడిలో అదే "వి" బియూదోకు గుర్తు. పాస్‌పోర్టులో చూసిన "ఎం"ను చూసినట్లే దరఖాస్తులోకి ఎక్కించిన పురుషుడు స్త్రీగా నమోదవుతాడు. ఆ తప్పు కార్డు వరకూ వెళ్తే దిద్దించుకోవడానికి మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ రుసుము తప్పవు.

రెండు ఇంటిపేర్లు

స్పానిష్ సంప్రదాయంలో ప్రతి మనిషికి రెండు ఇంటిపేర్లుంటాయి. ఆనవాయితీగా మొదటిది తండ్రి నుండి, రెండవది తల్లి నుండి వస్తుంది. పెళ్ళయినా స్పెయిన్ స్త్రీల ఇంటిపేరు మారదు. స్పెయిన్‌లో 1999 నాటి చట్టం తల్లి ఇంటిపేరును ముందు పెట్టుకొనే అవకాశం కల్పించింది. 2017 జూన్ 30 నుండి తండ్రి పేరుకు సహజ ప్రాధాన్యం తొలగించి, క్రమాన్ని తల్లిదండ్రులే తెలియజేయాలని నిర్ణయించారు.

దరఖాస్తులలో ప్రిమేర్ అపెయీదో (మొదటి ఇంటిపేరు), సెగూందో అపెయీదో (రెండవ ఇంటిపేరు) అని రెండు గడులుండటానికి కారణం ఇదే. తెలుగువారి ఇంటిపేరు ఒక్కటే కనుక రెండవ గడిని ఖాళీగా వదలాలి. ఆ గడి నింపాలనే ఆత్రంతో పేరులోని సగాన్ని అక్కడ రాస్తే పాస్‌పోర్టుకూ కార్డుకూ పొంతన కుదరదు. బ్యాంకు ఖాతా, విశ్వవిద్యాలయం పట్టా, విమానం టికెట్టు అన్నీ దాని వెంట చిక్కులో పడతాయి. ఇంటిపేరును మొదటి అక్షరంతో సరిపెట్టే మన అలవాటు కూడా అక్కడ పనికిరాదు. పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలా, పూర్తిగా రాయాలి. స్పెయిన్ పౌరసత్వం పొందే విదేశీయులు మాత్రం సాధారణంగా తల్లి పుట్టింటి పేరును రెండవ ఇంటిపేరుగా నమోదు చేయించుకోవలసి ఉంటుంది.

లేఖలలో, పత్రాలలో పేరుకు ముందు వచ్చే దొన్ (పురుషులకు), దోఞ (స్త్రీలకు) మన "గారు" వంటి గౌరవ వాచకాలు. ఇవి పేరుకు ముందే వస్తాయి గాని ఒట్టి ఇంటిపేరుకు తగిలించరాదు. ఇంటిపేరుతో పిలిచేటప్పుడు వాడేది సెఞోర్, సెఞోర.

సంఖ్యలు, వాటి లెక్క

స్పెయిన్ కార్డు సంఖ్యలో 8 అంకెలు, చివర ఒక అక్షరం ఉంటాయి. ఈ అక్షరం అలంకారం కాదు. సంఖ్యను 23తో భాగించగా వచ్చే శేషాన్ని బట్టి 23 అక్షరాల స్థిరమైన పట్టిక నుండి దీనిని తీసుకొంటారు. ఉదాహరణకు 12345678ని 23తో భాగిస్తే శేషం 14. ఆ శేషానికి పట్టికలో ఉన్న అక్షరం "జెడ్". ఒక్క అంకె తప్పు పడినా అక్షరం కుదరదు కనుక గుమాస్తా వెంటనే తప్పు పట్టుకోగలడు. అంకెలతో పొరబడే "ఐ", "ఓ" అక్షరాలు ఆ పట్టికలో లేవు. చిలీలోని "రుత్" సంఖ్యకు 11తో లెక్క. చివరి స్థానంలో 10 రావలసి వస్తే అక్కడ "కె" వేస్తారు.

స్పెయిన్‌లో విదేశీయుల సంఖ్య పేరు నియె. ఇది "ఎక్స్", "వై", "జెడ్"లలో ఒక అక్షరంతో మొదలై, 7 అంకెలు, చివర తనిఖీ అక్షరం కలిగి ఉంటుంది. లెక్కలో మొదటి అక్షరాన్ని వరుసగా 0, 1, 2గా తీసుకొంటారు. నియె కేవలం సంఖ్య. అది ముద్రించి ఇచ్చే కార్డు తియె. కార్డు గడువు తీరుతుంది గాని సంఖ్య మారదు. ఈ తేడా తెలియక కార్డు పోగానే కొత్త సంఖ్య కొరకు తిరిగేవారున్నారు. ఆరు నెలలకు మించి ఉండే అనుమతితో స్పెయిన్ చేరినవారు, విద్యార్థులతో సహా, నెల రోజుల లోపు తియె కొరకు దరఖాస్తు చేయాలి.

మెక్సికో కుర్ప్ 18 స్థానాల గుర్తు. మొదటి ఇంటిపేరులోని తొలి అక్షరం, దాని లోపలి తొలి అచ్చు, రెండవ ఇంటిపేరు తొలి అక్షరం, పేరు తొలి అక్షరం, పుట్టిన తేదీ, లింగం, పుట్టిన రాష్ట్రం ఇలా వరుసగా పేర్చి దీనిని కడతారు. విదేశాలలో పుట్టినవారికి రాష్ట్రం స్థానంలో "ఎన్ఇ" అని వస్తుంది. మొదటి నాలుగు అక్షరాలు కలిసి బూతు మాట అయ్యే ప్రమాదం ఉన్నప్పుడు రెండవ అక్షరాన్ని "ఎక్స్"గా మార్చాలని నియమం ఉంది. ఆ "కూడని మాటల" జాబితాను అధికారికంగానే తయారుచేసి పెట్టుకొన్నారు.

స్పెయిన్ కార్డు చరిత్ర

స్పెయిన్‌లో జాతీయ గుర్తింపు పత్రాన్ని 1944 మార్చి 2 నాటి డిక్రీ ద్వారా ఫ్రాంకో నియంతృత్వ ప్రభుత్వం ప్రవేశపెట్టింది. కార్డుల జారీ 1951లో మొదలైంది. 1వ సంఖ్య ఫ్రాంకోది, 2 ఆయన భార్యది, 3 కుమార్తెది. 10 నుండి 99 వరకు రాజకుటుంబానికి కేటాయించగా అందులో 13ను అశుభమని వదలివేశారు. కార్డు తప్పనిసరి అయిన తొలి వర్గంలో ఖైదీలు, నిఘా మీద విడుదలైనవారు ఉన్నారు. అంతర్యుద్ధం ముగిసిన కొద్ది ఏళ్ళకే వచ్చిన ఈ పత్రం మొదటి ఉద్దేశం సేవలు కాదు, నిఘా అని దీనిని బట్టి తెలుస్తుంది. ఎలక్ట్రానిక్ కార్డు 2006లో వచ్చింది. సెల్‌ఫోన్‌లో చూపగల కార్డు 2025 ఏప్రిల్‌లో మొదలైంది. 14 ఏళ్ళు నిండిన ప్రతి పౌరునికి కార్డు తప్పనిసరి.

కార్యాలయంలో వినిపించే మాటలు

స్పానిష్ ప్రపంచంలో ప్రభుత్వ కార్యాలయంతో జరిగే ఏ పనినైనా త్రామితె అంటారు. పత్రం పొందడానికి దాటవలసిన ప్రతి మెట్టూ ఒక త్రామితె. ముందు సీత ప్రేబియ (ముందస్తు సమయం) తీసుకోవాలి. సొలిసితూద్ (దరఖాస్తు) నింపాలి, తాస (రుసుము) కట్టాలి, బెంతనీయ (కార్యాలయపు కిటికీ) వద్ద ఇచ్చి రెస్‌గ్వార్దో (రసీదు) పుచ్చుకోవాలి. ఆ తరువాత కాగితాలన్నీ కలిసి ఎక్స్‌పెదియెంతె (ఫైలు) అవుతాయి. కిటికీ వద్ద "రేపు రండి" అనిపించుకోవడం కొత్త సంగతి కాదు. మరియానో హోసె దె లార్రా 1833లో సరిగ్గా ఆ మాటనే శీర్షికగా పెట్టి రాసిన వ్యంగ్య వ్యాసం స్పెయిన్‌లో నేటికీ ప్రసిద్ధం.

గడులు లేని దరఖాస్తుకు స్పెయిన్‌లో ఒక కట్టుబాటు ఉంది. మొదట దరఖాస్తుదారు వివరాలు, తరువాత "ఎక్స్‌పోనె" (విన్నవించునది) అనే మాట కింద సంగతి, ఆపై "సొలిసీత" (కోరునది) అనే మాట కింద కోరిక రాస్తారు. మన పాత అర్జీల ధోరణి ఎరిగినవారికి ఇది కొత్తగా తోచదు.

జనన ధ్రువపత్రాన్ని కొన్నిచోట్ల పర్తీద, కొన్నిచోట్ల ఆక్త, మరికొన్నిచోట్ల సెర్తిఫికాదో దె నసిమియెంతో అంటారు. జనన మరణాలు నమోదు చేసే కార్యాలయం రెహీస్త్రో సిబీల్. స్పెయిన్‌లో 1915 నుండి దంపతులకు ఇస్తూ వచ్చిన లీబ్రో దె ఫమీలియ (కుటుంబ పుస్తకం) 2021 ఏప్రిల్ 30 నుండి కొత్తగా ఇవ్వడం లేదు. పాతవి మాత్రం చెల్లుతాయి. మూల పత్రంతో పోల్చి ముద్ర వేసిన నకలును కోపియ కొంపుల్సాద అంటారు. ఇది మన గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ వంటిది. పింఛనుదారు జీవించి ఉన్నట్లు తెలిపే పత్రం పేరు ఫె దె బీద. మాటకు మాట చూస్తే "జీవిత విశ్వాసం". కానీ "ఫె"కు ఇక్కడ సాక్ష్యమనే పాత అర్థం. ఏటా లైఫ్ సర్టిఫికెట్ సమర్పించే మన విశ్రాంత ఉద్యోగులకు ఆ పత్రం సంగతి వివరించనవసరం లేదు.

మన దేశపు ధ్రువపత్రం అక్కడ చెల్లాలంటే అపొస్తీయ కావాలి. 1961 అక్టోబరు 5 నాటి హేగ్ ఒప్పందం ప్రకారం ఒక సభ్యదేశం వేసిన ఈ ముద్రను మిగతా సభ్యదేశాలు అంగీకరిస్తాయి. భారతదేశంలో ఈ ఒప్పందం 2005 జూలై 14 నుండి అమలులో ఉంది. ముద్రతో పాటు అనువాదం కూడా అవసరం. స్పెయిన్‌లో విదేశాంగ శాఖ గుర్తించిన త్రదుక్తోర్ హురాదో (ప్రమాణ అనువాదకుడు), మెక్సికోలో పెరీతో త్రదుక్తోర్, అర్జెంటీనాలో త్రదుక్తోర్ పూబ్లికో చేసిన అనువాదాన్నే అధికారులు స్వీకరిస్తారు.

కాగితాలు లేనివారు

పపేలెస్ అంటే కాగితాలు. స్పెయిన్‌లో అనుమతి పత్రాలు లేని వలసదారులను సిన్ పపేలెస్ (కాగితాలు లేనివారు) అంటారు. లాటిన్ అమెరికాలో ఇందొకుమెంతాదో అనే మాట ఎక్కువ. ఇటువంటివారికి స్పెయిన్‌లో ముఖ్యమైన పదం పద్రోన్. ఇది పురపాలక సంఘం ఉంచే నివాసుల జాబితా. నివాస అనుమతి లేనివారు కూడా ఇందులో పేరు నమోదు చేయించుకోవచ్చు. ఈ నమోదును ఎంపద్రొనమియెంతో అంటారు. ఎన్నేళ్ళుగా దేశంలో ఉన్నదీ చూపడానికి ఇదే గట్టి ఆధారం. ఆ ఆధారంతో పొందగలిగే అనుమతి పేరు అఱ్ఱాయిగో, అనగా వేళ్ళూనుకోవడం. సామాజిక అఱ్ఱాయిగోకు ఒకప్పుడు మూడేళ్ళ నివాసం అవసరమయ్యేది. 2025 మే నుండి అమలులోకి వచ్చిన నిబంధనలలో దానిని రెండేళ్ళకు తగ్గించారు.

ఎస్తాన్సియ, రెసిదెన్సియ అనే రెండు మాటలకూ తెలుగులో "నివాసం" అని చెప్పుకొంటే నష్టమే. చదువు కొరకు ఇచ్చేది ఎస్తాన్సియ (బస), ఉద్యోగానికో కుటుంబంతో ఉండటానికో ఇచ్చేది రెసిదెన్సియ. స్పెయిన్ పౌరసత్వానికి సాధారణంగా పదేళ్ళ రెసిదెన్సియ కావాలి. లాటిన్ అమెరికా దేశాలు, ఫిలిప్పీన్స్ మొదలైన చోట్ల నుండి వచ్చినవారికి రెండేళ్ళు చాలు. విద్యార్థిగా గడిపిన ఎస్తాన్సియ కాలం ఈ లెక్కలోకి రాదు.

ఒక కాగితం మనిషిని ఎంత దూరం నెట్టివేయగలదో డొమినికన్ రిపబ్లిక్‌లో కనిపిస్తుంది. 2013 సెప్టెంబరు 23న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం ఇచ్చిన తీర్పు, సరైన అనుమతి లేని విదేశీయులకు ఆ దేశంలో పుట్టినవారికి పౌరసత్వం లేదన్నది. దానిని 1929 నుండి పుట్టినవారికి వర్తింపజేసింది. చాలావరకు హైతీ సంతతికి చెందిన ఎందరో డొమినికన్లు పుట్టిన ఊళ్ళోనే విదేశీయులయ్యారు. సెదుల లేనిదే చదువు కొనసాగించడం, ఉద్యోగం పొందడం, పెళ్ళి నమోదు చేసుకోవడం అక్కడ కుదరదు. 2014లో చేసిన చట్టం, ముందే జనన నమోదు ఉన్నవారికి పత్రాలను తిరిగి ఇచ్చే ఏర్పాటు చేసింది. నమోదు లేనివారిని విదేశీయులుగా పేరు రాయించుకొని తరువాత పౌరసత్వం కోరుకోమన్నది.

నేర్చుకొనేవారికి

హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో స్పానిష్ బోధన ఉంది. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంటెస్ శాఖ న్యూఢిల్లీలో ఉన్నది. యూరోపు భాషా స్థాయిల పట్టికలో మొట్టమొదటిదైన "ఎ1" స్థాయి విద్యార్థి పేరు, జాతీయత, చిరునామా వంటి సొంత వివరాలతో ఫారం నింపగలగాలి. కావున పై పదాలలో అనేకం తొలి పాఠాలలోనే తగులుతాయి. త్రామితె, కొంపూల్స, అఱ్ఱాయిగో వంటివి మాత్రం సాధారణ పాఠ్యపుస్తకాలలో అంతగా కనిపించవు. ఖాళీ దరఖాస్తు ఫారాలు స్పెయిన్ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. వాటిని దించుకొని సొంత వివరాలతో నింపి చూడటం మంచి అభ్యాసం. స్పెయిన్ పౌరసత్వం కోరే విదేశీయులు 2015 నుండి రెండు పరీక్షలు ఉత్తీర్ణులు కావలసి ఉంది. స్పానిష్ మాతృభాష కానివారికి "ఎ2" స్థాయి భాషా పరీక్ష ఒకటి, రాజ్యాంగం, సమాజం గురించి 25 ప్రశ్నల పరీక్ష మరొకటి. రెండవదానిలో 15 సమాధానాలు సరైనవి కావాలి.